చిట్టాలో 41, తేలినవి 14

సంపాదకులకు నమస్కారం.

‘ఈ ఏడాది ఎన్ని పుస్తకాలు చదివారు? జాబితా రాసి పంపండి’ అని మీ ఆదివారం అనుబంధంలో అడిగారు. నా జాబితా ఎప్పుడో సిద్ధం. మొత్తం 41. నీటుగా తిరగరాసి, కవరు మీద మీ చిరునామా కూడా వేశాను. పోస్టు చేసేలోపే మా మనవరాలి చేతికి చిక్కాను.

దానికి 13 ఏళ్లు. ‘ఇది నువ్వు చదివి తీరాలి’ అని నేనే ఇచ్చిన నవల, సగంలో వేలు పెట్టి పట్టుకుని వచ్చింది.

‘అమ్మమ్మా, ఈ తమ్ముడు చివరికి ఇంటికొస్తాడా, రాడా? రాడంటే ఇప్పుడే చెప్పెయ్, ఇక్కడితో ఆపేస్తా.’

‘ఏ తమ్ముడే?’ అన్నాను.

‘కథంతా వాడి గురించేగా!’

పుస్తకం తీసుకుని చూశాను. అట్ట గుర్తుంది. అట్ట మీద కిటికీ గుర్తుంది. తమ్ముడు మాత్రం గుర్తు రాలేదు. నా నోటుబుక్కు తీస్తే సెప్టెంబరు పేజీలో నా దస్తూరీతోనే ఉంది: 9 నుంచి 13 దాకా, 184 పేజీలు, ‘అద్భుతం’. అది ఆ ఎంట్రీ చదివి, ఒకసారి నా మొహం చూసి, ‘చదివావా, పేజీలు తిప్పావా?’ అని తన దారిన తను పోయింది.

నేను 34 ఏళ్లు ఆడిటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఎదురుగా కూర్చున్న గుమస్తాని ‘ఈ పద్దుకి వోచరేదండీ?’ అని కొన్ని వేలసార్లు అడిగి ఉంటాను. నన్నెవరూ అడగలేదు. ఆ రాత్రే కవరు చింపేసి, నా ఏడాది చదువుని నేనే తనిఖీకి పెట్టాను. మీరడిగిన జాబితాకి బదులు ఆ రిపోర్టు పంపుతున్నాను. పొడుగైతే కత్తిరించుకోండి గానీ అంకెలు మాత్రం మార్చకండి.

ముందు స్టాకు. చదవని పుస్తకాలకి నా దగ్గర వేరే అలమారా ఉంది. చదివాక అవి అవతలి గదిలోకి మారతాయి. జనవరి 1న ఆ అలమారాలో 63 ఉన్నట్టు రాసుకున్నాను. ఏడాదిలో నేను కొన్నవీ వాళ్లూ వీళ్లూ ఇచ్చినవీ కలిపి 28 వచ్చాయి. అంటే 91. చదివిన 41 తీసేస్తే 50 మిగలాలి. డిసెంబరు 29న స్టూలెక్కి ఒక్కొక్కటే దింపి లెక్కపెడితే 61 తేలాయి. సరుకు తక్కువ రావడం చాలాచోట్ల చూశాను, ఎక్కువ రావడం అరుదు. వెతికితే కారణం దొరికింది. 41లో 7 లైబ్రరీవి, 5 ఫోన్లో విన్నవి, 3 పాతవి రెండోసారి చదివినవి. ఈ 15 నా అలమారాలోంచి పోలేదు. నిజంగా అక్కణ్ణుంచి దిగినవి 26. ఆ లెక్కన 65 ఉండాలి, ఉన్నవి 61. నాలుగు తగ్గాయి. వాటిలో మూడింటిని చదవకుండానే వేరేవాళ్లకి ఇచ్చానని ఫోన్లు చేసి ఖాయం చేసుకున్నాను. నాలుగోది ఏమైందో తేలలేదు.

ఏడాదంతా చదివితే, చదవకుండా ఇచ్చేసినవీ కలుపుకుని, చదవనివి 63 నుంచి 65కి పెరిగాయి, చూశారా! వాయిదాలు కడుతూనే కొత్త అప్పులు చేసే మనుషుల్ని నేను ఇన్నాళ్లూ మందలించాను.

అసలు కష్టం వోచర్ల దగ్గర వచ్చింది. చదివిన పుస్తకానికి వోచరంటే ఏమిటి? పుస్తకం మూసి ఉండగా దాని గురించి నేను చెప్పగలిగినది, అనుకున్నాను. 41 చీటీలు కత్తిరించి, ఒక్కో దాని మీద ఒక్కో పేరు రాసి, కింద అయిదేసి వాక్యాలు రాయాలని పెట్టుకున్నాను. ‘బాగుంది’, ‘చక్కని శైలి’ లాంటివి చెల్లవు. ఒక మనిషి పేరో, జరిగిన సంగతో, రచయిత వాదమో, కనీసం ఒక గది ఎలా ఉందో ఉండాలి. నాలుగు సాయంత్రాలు పట్టింది. 14 చీటీలు నిండాయి. 16 చీటీల మీద ఒకటో రెండో వాక్యాలు. 11 ఖాళీ.

రెండోసారి చదివిన మూడూ ఆ 14లో ఉన్నాయి, అందులో వింతేం లేదు. వింతల్లా విన్నవాటి దగ్గర. వినడం కూడా చదవడమేనా అని ఏడాదంతా మథనపడి, వాటిని నోటుబుక్కులో పెన్సిలుతో రాశాను, తర్వాత ఎవరైనా అభ్యంతరం చెబితే చెరిపేయొచ్చని. ఆ అయిదింటిలో మూడింటికి చీటీలు నిండాయి. నేను వినేది నడుస్తూ, రోజూ ఒకే దారిలో. ఇప్పటికీ ఒక మలుపు దగ్గరికి వెళ్తే ఒక ముసలాయన కోర్టులో చెప్పిన సాక్ష్యం వినిపిస్తుంది, ఇంకాస్త ముందుకెళ్తే ఆ సాక్ష్యం అబద్ధమని తెలిసిన చోటు వస్తుంది. కుర్చీలో కూర్చుని చదివినవాటికి ఇలాంటి మలుపుల్లేవు, అన్నీ ఆ ఒక్క కుర్చీలోనే కలిసిపోయాయి. ఇంకులోకి మార్చాను వాటిని.

ఖాళీ చీటీలు చెప్పింది ఇంకోటి. వయసుతో మరపు వస్తే పాతవి పోవాలి కదా, జనవరివీ ఫిబ్రవరివీ. అలా జరగలేదు. నవంబరు మధ్యకి నా లెక్క 33 దగ్గర ఉంది. ఈసారి 40 దాటాలని పంతం పట్టి ఆరు వారాల్లో 8 లాగించాను. ఆ 8లో 7 ఖాళీ! నిన్న మొన్న చదివినవే ముందు ఆవిరయ్యాయి.

అప్పుడు పేజీలు కూడి చూశాను. విన్నవి పోగా 36 పుస్తకాలు, 7,052 పేజీలు. సగటున 196. చదవకుండా అలమారాలో ఉండిపోయినవాటి సగటు 318. అంటే ఏడాదంతా నా చెయ్యి సన్నటి పుస్తకం మీదికే వెళ్లింది. మూడు సంపుటాల నవల ఒకటి ఆరేళ్లుగా పై అరలో ఉంది, మొత్తం 1,140 పేజీలు. దాన్ని ఎందుకు ముట్టుకోలేదో ఇప్పుడు ఒప్పుకుంటాను. రెండు నెలలు చదివినా లెక్కలో ఒకటే పడుతుంది. నేను పుస్తకాల్ని లెక్కపెడుతున్నాననుకున్నాను, ఏ పుస్తకం చదవాలో ఆ లెక్కే చెబుతోంది. చార్లెస్ గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త 1975లో ద్రవ్య విధానం గురించి రాస్తూ ఒక సంగతి చెప్పాడు: ఒక కొలతని పట్టుకుని దాంతో అదుపు చెయ్యబోతే ఆ కొలత పనికిరాకుండా పోతుందని. దాన్ని నేను ట్రెయినింగ్ క్లాసుల్లో ఎంతమందికి చెప్పానో! ఇంట్లో మాత్రం ఆ పాఠం నా తలకెక్కలేదు.

ఈ తనిఖీ తర్వాత మరపు గురించి కొంత చదివాను (అది ఈ ఏడాది లెక్కలో పడదు). హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పరిశోధకుడు 1885లో తన మీద తనే చేసుకున్న ప్రయోగాలు అచ్చేశాడు. అర్థంలేని అక్షరాల వరుసలు బట్టీపట్టి, కొంతకాలం ఆగి మళ్లీ బట్టీపట్టి, రెండోసారి ఎంత సమయం కలిసొచ్చిందో కొలిచాడు. ఒక రోజు ఆగితే దాదాపు మూడో వంతు కలిసొచ్చింది, 31 రోజులు ఆగితే ఐదో వంతు. ఈ అంకెలు చూసి అందరూ ‘ఎంత పోయిందో’ అని నోరెళ్లబెడతారు. నా కళ్లు మాత్రం అలవాటు ప్రకారం నిల్వ మీదికి వెళ్లాయి. అర్థమే లేని అక్షరాలు నెల తర్వాత కూడా ఐదో వంతు ఖాతాలో ఉన్నాయంటే, మనుషులూ సంఘటనలూ ఉన్న పుస్తకానికి అంతకన్నా ఎక్కువే ఉండాలి. రెండోసారి చదవడం మనం భయపడేంత ఖర్చు కాదు.

ఇంకో ప్రయోగం నన్ను నేరుగా తాకింది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు విద్యార్థుల్లో కొందరి చేత ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదివించారు. ఇంకొందరి చేత ఒక్క విడత చదివించి, మిగతా మూడుసార్లూ చూడకుండా గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లే గెలిచారు, 83 శాతానికి 71. వారం తర్వాత పెడితే తారుమారైంది. చదివినవాళ్లకి 40, రాసినవాళ్లకి 61. పుస్తకం మూసిన నిమిషంలో ‘అద్భుతం’ అని రాసేసే నాలాంటి వాళ్లు ఆ అయిదు నిమిషాల్ని నమ్ముకున్నవాళ్లే. నేను ఆ నాలుగు సాయంత్రాలు కూర్చుని చేసిన పని ఏడాది పొడుగునా చేసి ఉంటే చీటీలు ఇంకొన్ని నిండేవి.

ఇక చిట్టాకి అసలు ఎక్కనివి. సగంలో వదిలేసినవి 9. వాటికి కాలమే పెట్టలేదు. సిగ్గుపడి పెట్టలేదు, అంతే. వ్యాపారంలో రానిబాకీల్ని దాచిపెడితే మొత్తం లెక్క అబద్ధమవుతుంది. ఒక్కొక్కటే బయటికి తీశాను. రెండు పుస్తకాల్లో అక్షరాలు చీమతలకాయలంత. ఇంగ్లిషు అక్షరం చిన్నదైతే కళ్లు చికిలించి లాగించొచ్చు, తెలుగులో ఒత్తులున్నాయి, ఒత్తు కింద ఇంకో ఒత్తుంది. సైజు తగ్గిందంటే ముందు నలిగేవి అవే. ఏ మాటో ఊహించుకుంటూ 60 పేజీలు చదివి కళ్లద్దాలు తీసి పెట్టేశాను. మూడు అనువాదాలు. వాటిలో మనుషులు తెలుగే మాట్లాడుతున్నారు గానీ ఏ తెలుగువాళ్లూ అలా మాట్లాడరు. మూడు నాకు నచ్చలేదు, లోకమంతా మెచ్చుకున్నా సరే. ఆఖరిది మంచి పుస్తకమేనని వదిలేసేటప్పుడు కూడా తెలుసు, నాకే మనసు నిలవలేదు. దాన్ని రానిబాకీలోంచి తీసి వచ్చే ఏడాదికి ముందుకు తెచ్చాను.

వదిలెయ్యడానికి ఒక పద్ధతి కూడా దొరికింది. నాన్సీ పెర్ల్ అనే అమెరికన్ లైబ్రేరియన్ చెప్పింది: 50 ఏళ్ల లోపువారు 50 పేజీలు చదివి చూడాలి, 50 దాటినవారు 100లోంచి తమ వయసు తీసేసి, మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. నాకు 61. అంటే 39 పేజీలు. ఏడాదికో పేజీ చొప్పున వచ్చే రాయితీ.

ఒక చీటీ దగ్గర మాత్రం నా ఆడిట్ ఆగిపోయింది.

ఆగస్టులో మా వారికి ఆపరేషన్ అయింది. మూడు రోజులు హాస్పిటల్ వరండాలో ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని 340 పేజీల నవల చదివాను. చీటీ మీద పేరు రాసి అరగంట కూర్చున్నా ఒక్క వాక్యం రాలేదు. ఓడ ఉందా? ఉన్నట్టే ఉంది. ఎవరో ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నారు, లేక అది వేరే పుస్తకమో. కానీ తలుపు తెరుచుకున్నప్పుడల్లా నేను వేలు పెట్టి ఆపిన చోటు, నర్సు లోపలికి వెళ్లిపోగానే మళ్లీ ఆ వాక్యం దొరికినప్పుడు కలిగిన నెమ్మది, అవి బాగా గుర్తున్నాయి. ఆ మూడు రోజులు నన్ను కూర్చోబెట్టింది ఆ పుస్తకమే. మిగిలిందేమీ లేదు కాబట్టి ఖర్చు రాయాలి. ఖర్చు రాయడానికి చెయ్యి రాలేదు. ఆస్తి అని చూపించడానికి వోచరు లేదు. 34 ఏళ్లలో ఏ పద్దు కిందా పెట్టలేక నేను ఖాళీగా వదిలిన మొదటి ఎంట్రీ అదే. మా వారు ఇప్పుడు బాగానే ఉన్నారు, ఈ ఉత్తరంలో తప్పులు వెతుకుతున్నారు. ఆ నవల తీసుకొచ్చి ‘ఓడ ఉందో లేదో చూడమంటావా?’ అన్నారు. వద్దన్నాను.

ఇక వచ్చే ఏడాదికి బడ్జెట్. ఈసారి పుస్తకాల్లో కాదు, గంటల్లో. నెల రోజులు గడియారం పెట్టుకుని చూస్తే నేను రోజుకి సగటున 45 నిమిషాలు చదువుతున్నాను. ఏడాదికి 273 గంటలు. నా వేగం గంటకి 25 పేజీలు. 2019లో మార్క్ బ్రైస్‌బర్ట్ అనే బెల్జియం పరిశోధకుడు 190 అధ్యయనాలు కలిపి చూసి, ఇంగ్లిషులో పెద్దవాళ్లు మౌనంగా చదివే వేగం కథాసాహిత్యం కానివాటిలో సగటున నిమిషానికి 238 మాటలని తేల్చాడు. ఆ కొలబద్ద మనకి సరిపోదు. ‘చదవలేకపోయినవాళ్లకి’ అన్నది మనకి ఒకటే మాట, ఇంగ్లిషులో దాన్ని చెప్పడానికి అయిదారు కావాలి. అందుకే పేజీల్లో కొలుచుకున్నాను. మొత్తం 6,800 పేజీలు వస్తాయి. అంతకుమించి రాదు, నేను ఎంత పంతం పట్టినా.

వాటిలో మూడు సంపుటాల నవలకి 46 గంటలు, వాయిదా వెయ్యకుండా జనవరిలోనే మొదలు. రెండోసారి చదవాల్సిన నాలుగింటికి 40 గంటలు. వాటిలో ఒకటి తమ్ముడి కథ. వోచర్లు రాసుకోవడానికి 30 గంటలు, ప్రతి పుస్తకానికీ మర్నాడు ఒకసారి, నెల తర్వాత ఒకసారి, పుస్తకం చూడకుండా. ఏ పద్దుకీ చెందకుండా 60 గంటలు పక్కన పెట్టాను, ఎవరో చెబితేనో దారిలో తగిలితేనో చదివేవాటికి. మంచి పుస్తకాలు ఎక్కువగా అలాగే వచ్చాయి నాకు. మిగిలిన 97 గంటలు అలమారాకి. అందులో మహా అయితే ఏడో ఎనిమిదో అవుతాయి. ‘ఇంతకీ అన్నీ కలిపి ఎన్నవుతాయమ్మా?’ అని మా అమ్మాయి అడిగింది. చెప్పలేదు.

ఈ లెక్కన అలమారాలో చాలావాటికి నేనున్నంత కాలం వంతు రాదు. లెక్కల మాస్టారిగా మొదలై 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాశారు. మూడోది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉంటాడని. నేను కాని పాఠకుల కోసం 12 పుస్తకాలు తీసి కట్టగట్టాను. కట్టిన తర్వాత ఒకటి మళ్లీ లాక్కున్నాను. 11.

పాత పద్దుల్లో రోజువారీ రాసేది చిట్టా, దాన్ని పద్దులవారీగా విడదీసి ఎక్కించేది ఆవర్జా. నా చదువుకి ఇన్నేళ్లూ చిట్టా ఉంది గానీ ఆవర్జా లేదు. ఏ రోజు ఏం చదివానో తెలుసు, అప్పు గురించో అన్నదమ్ముల గురించో ఎక్కడెక్కడ చదివానంటే తెలీదు. జాన్ లాక్ అనే ఇంగ్లిషు తత్వవేత్త చదివినవి రాసుకునే నోటుబుక్కుకి ఒక సూచిక పద్ధతి పెట్టుకున్నాడు. అది 1686లో ఫ్రెంచిలో, ఆయన పోయాక 1706లో ఇంగ్లిషులో అచ్చయింది. విషయానికి ఒక మాట పెట్టుకోవాలి. ఆ మాటలో మొదటి అక్షరం, దాని తర్వాత వచ్చే మొదటి అచ్చు, ఈ రెండూ కలిసే గడిలో పేజీ నంబరు వెయ్యాలి. ఇంత మెలిక దేనికా అని ఆలోచిస్తే నవ్వొచ్చింది. మనకది గుణింతం! మరపు ‘మ’లో, మాట ‘మా’లో, మౌనం ‘మౌ’లో. ఆయన గీతలు గీసి కట్టుకున్న గడులు మనకి ఒకటో తరగతిలోనే పలక మీద దిద్దించారు. 200 పేజీల నోటుబుక్కు తీసుకుని వెనక ఆరు పేజీలు గుణింతాలకి వదిలాను.

మీకు రెండు విన్నపాలు. మీ పుస్తక సమీక్షల కింద వెల, ప్రతులు దొరికే చోటు వేస్తారు. దయచేసి పేజీల సంఖ్య, అనువాదమైతే అనువాదకుల పేరు, మూలం మొదట అచ్చయిన సంవత్సరం కూడా వెయ్యండి. గంటలు లెక్క చూసుకుని చదివేవాళ్లకి అవి అవసరం. రెండోది, ఏడాది చివర ‘ఎన్ని చదివారు’ అని అడగడం మానేసి, ‘పోయిన ఏడాది మీరు మెచ్చుకున్న పుస్తకం గురించి దాన్ని తెరవకుండా అయిదు వాక్యాలు రాయండి’ అని అడగండి. ముందు మీ సమీక్షకుల్నే అడగండి. కొందరికి టెన్షన్ వస్తుంది. నాకొచ్చింది.

ఇట్లు
ఒక రిటైర్డ్ ఆడిటర్

తా.క. కనిపించకుండా పోయిన నాలుగో పుస్తకం సంగతి ఇప్పుడే తేలింది. అది నాది కాదట. అంతకుముందు ఏడాది మా ఆడపడుచు దగ్గర తెచ్చుకుని, నా అలమారాలో నాదే అన్నట్టు పెట్టుకుని, మార్చిలో తిరిగిచ్చేశాను. కాబట్టి జనవరి 1 నాటి నిల్వ 63 కాదు, 62. లెక్క ప్రకారం ఉండాల్సిన ముగింపు నిల్వ 65 కాదు, 64. అచ్చు వేసేటప్పుడు పై లెక్కని దిద్దకండి, నా తప్పు అలాగే కనపడనివ్వండి, ఈ సవరణ కింద వెయ్యండి.